బరువులెత్తని వ్యాయామం

డంబెల్స్, బార్‌బెల్, జిమ్ యంత్రాలు ఏవీ లేకుండా ఒంటి బరువునే భారంగా వాడుకుని బలాన్నీ, దమ్మునూ, కీళ్ల వంపునూ, నిలకడనూ పెంచుకునే కసరత్తులన్నీ ఈ పద్దు కిందికే వస్తాయి. దండీలు, బస్కీలు, సూర్యనమస్కారాలు, యోగాసనాలు, ప్లాంక్, పుల్‌అప్, మెట్లెక్కడం, నడక, పరుగు, ఈత, తాడాట, చెడుగుడు: జాబితా పెద్దదే. ఖర్చు తక్కువ, చాపంత చోటు చాలు. అందుకే కాబోలు, జిమ్ ఫీజు కట్టలేనివాళ్లు సరిపెట్టుకునే రెండో రకం సరుకు అన్నట్టు చూసే అలవాటు ఒకటి పాతుకుపోయింది. ఆ చూపు సరైంది కాదు. తన మీద పడిన భారం ఇనుముదా, సొంత ఒంటిదా అన్నది కండరానికి తెలియదు. ఎంత గట్టిగా బిగుసుకోవలసి వచ్చింది, ఎంతసేపు, ఎంత అలసిపోయేదాకా అన్నవే దానికి లెక్క.

ఈ లెక్కను కొలిచి చూసినవాళ్లున్నారు. నేల మీద మామూలు పుషప్ భంగిమలో చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు 64 శాతం. 70 కిలోల మనిషికి అది దాదాపు 45 కిలోలు. మోకాళ్లు నేలకు ఆనిస్తే 49 శాతానికి దిగుతుంది. పాదాలు నేల మీదే ఉంచి చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద పెడితే 41 శాతమే. తిరగేసి పాదాలను ఆ ఎత్తున పెడితే 74 శాతం. అంటే ఒకే మనిషి, ఒకే కసరత్తు; ఒంటి వాలు మార్చినంత మాత్రాన భారం ఇంచుమించు రెట్టింపవుతోంది. జిమ్‌లో ఇనుప పళ్లేలు మార్చి చేసే పనే ఇక్కడ కోణం మార్చి చేస్తాం.

కండరం ఎందుకు పెరుగుతుంది

తేలికపాటి భారంతో చేసినా, ఇక ఒక్కటి కూడా చేయలేను అనిపించే దశకు దగ్గరగా వెళ్తే కండరం పెద్ద బరువులతో పెరిగినంతగానే పెరుగుతుందని గత ఇరవై ఏళ్ల పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. తేడా వచ్చేది గరిష్ఠ బలం దగ్గర. ఒక్క దెబ్బకు 150 కిలోలు ఎత్తాలనుకునేవాడు ఆ స్థాయి బరువుల దగ్గరే సాధన చేయాలి, దండీలతో అది రాదు. ఆరోగ్యం కోసం, మంచి ఒడ్డూపొడుగూ కోసం, ముసలితనంలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నడవడం కోసం అయితే అంత బరువు అక్కర్లేదు.

ముప్ఫై దాటాక కదలిక లేని ఒంట్లో పదేళ్లకు 3 నుంచి 8 శాతం వరకు కండ కరుగుతుంది. అరవై తరవాత ఇంకా వేగంగా. తూకం మారకపోవచ్చు కూడా, ఎందుకంటే పోయిన కండ స్థానంలో కొవ్వు చేరుతుంది. మనవాళ్లలో సన్నగా కనబడుతూనే పొట్ట దగ్గర కొవ్వు పోగేసుకున్న ఒళ్లు ఎక్కువ. భోజనం తరవాత రక్తంలో చేరే గ్లూకోజును ఎక్కువ భాగం మింగేది కండరాలే. అవి కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజును లాక్కోగలవు. రాత్రి భోంచేసి వీధి చివరిదాకా నడిచివస్తే చక్కెర తగ్గడానికి కారణం ఇదే. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారు. వాళ్లలో ఎంతమందికి డాక్టరు చీటీలో బస్కీలు రాశారో మరి.

బరువుల్లేని కసరత్తు ఎందుకు విఫలమవుతుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నిరుడు ఇరవై పుషప్‌లు, ఈ ఏడూ అవే ఇరవై, వచ్చే ఏడూ అవే ఇరవై. మొదటి రెండు నెలల్లో వచ్చిన లాభం అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఒళ్లు ఆ భారానికి అలవాటుపడిపోయింది. జిమ్‌లో పళ్లెం మీద కిలోలు రాసి ఉంటాయి కాబట్టి పెంచాలన్న సంగతి కళ్లెదుటే ఉంటుంది. ఇంట్లో ఎవరూ గుర్తుచేయరు. నిదానంగా దిగడం, అడుగున రెండు క్షణాలు ఆగడం, పాదాలు ఎత్తున పెట్టడం, ఒంటికాలి మీద చేయడం: ఏదో ఒకటి కష్టం కావాలి. సంఖ్య పెంచడం వీటిలో ఒకటి మాత్రమే, అదీ ముప్ఫై దాటాక అంతగా పనికిరానిది.

తాలింఖానా నుంచి పదకొండు నిమిషాల దాకా

భారతదేశంలో ఈ విద్యకు పుట్టిల్లు కుస్తీ గోదా. దండీ, బస్కీ రెండూ పహిల్వాన్ల రోజువారీ సాధన. మన ఊళ్లలో తాలింఖానా అనీ, గరిడీ అనీ పిలిచిన చోట్ల కర్రసాముతో పాటు ఇవీ నేర్పేవారు. 1910లో లండన్ వెళ్లి పోలండు మల్లుడు జిబిస్కోను ఎదుర్కొన్న గామా పహిల్వాన్ రోజుకు మూడు వేల దండీలు, ఐదు వేల బస్కీలు తీసేవాడని చెబుతారు. పహిల్వాన్ల లెక్కల్లో అతిశయం పాలు ఎంతో కొంత ఉంటుంది. సగానికి సగం కోసేసినా మిగిలేది అసాధారణమే. గామా రాతి భారాలూ తిప్పాడు, పాలూ నెయ్యీ బాదమూ దండిగా తిన్నాడు, కాబట్టి ఆయన ఒంటికి దండీలొక్కటే కారణమనడం కుదరదు.

తెలుగునాట ఈ వరసలో మొదట చెప్పుకునే పేరు కోడి రామ్మూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తరవాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంచి కలియుగ భీముడనిపించుకున్నారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ఆయన బరువులు ఎత్తిన మాట నిజమే అయినా, తన బలానికి ప్రాణాయామాన్నీ ఊపిరి మీద అదుపునూ ముఖ్యంగా చెప్పుకునేవారు. సతారా దగ్గరి ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావు పంత్ ప్రతినిధి సూర్యనమస్కారాలను పూజగదిలోంచి బడి మైదానంలోకి తెచ్చి పిల్లలందరితో చేయించాడు. ఇవాళ ఆసనాలు, శ్వాస, వేగం కలిపి మనం చేసే సూర్యనమస్కారాలు వ్యాయామంగా ఊరూరా పాకడంలో ఆయన చేయి పెద్దది.

ఐరోపాలో దారి వేరు. 1811లో బెర్లిన్ శివార్లలో ఫ్రీడ్రిఖ్ యాన్ ఆరుబయట కడ్డీలు పాతి యువకులతో కసరత్తు చేయించాడు. సమాంతర కడ్డీలు అక్కడి నుంచే ప్రపంచానికి అలవాటయ్యాయి. రెండేళ్లకు స్టాక్‌హోంలో పేర్ హెన్రిక్ లింగ్ వ్యాయామ సంస్థ పెట్టాడు. మన బడుల్లో పీఈటీ మాస్టారు ఈలవేసి చేయించే డ్రిల్లు ఆ స్వీడన్ పద్ధతికి ఇంగ్లిషువాళ్ల మీదుగా వచ్చిన మనవరాలు. జపాన్‌లో 1928 నుంచి రేడియోలో పాట వస్తుంటే పిల్లలూ పెద్దలూ వీధిలో నిలబడి చేతులూ కాళ్లూ ఆడించే అలవాటు ఇప్పటికీ సాగుతోంది.

వీటన్నిటిలో ఎక్కువగా నేర్చుకోవలసింది మాత్రం కెనడా నుంచి వచ్చిన ఒక చిన్న పుస్తకం నుంచి. 1950ల్లో కెనడా వాయుసేనకు ఒక చిక్కు వచ్చింది. పైలట్లలో చాలామందికి ఒంట్లో సత్తువ లేదు; మారుమూల మంచు స్థావరాల్లో జిమ్ పెట్టే వీలు లేదు. బిల్ ఆర్బన్ అనే నిపుణుడు రోజుకు పదకొండు నిమిషాల పద్ధతి ఒకటి తయారుచేశాడు. ఐదే ఐదు కసరత్తులు: వంగి కాలివేళ్లు తాకడం రెండు నిమిషాలు, పొట్టకు ఒక నిమిషం, వీపుకు ఒక నిమిషం, పుషప్ ఒక నిమిషం, ఉన్నచోటే పరుగు ఆరు నిమిషాలు. ఇందులో తెలివి ఏమిటంటే, సమయం ఎప్పటికీ మారదు. ఆ పదకొండు నిమిషాల్లో చేసే సంఖ్య కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఒక పట్టీ పూర్తయితే అదే కసరత్తు ఇంకొంచెం కష్టమైన రూపంలో తరవాతి పట్టీలో మొదలవుతుంది. ఇలాంటివి ఆరు పట్టీలు. ఏ వయసువాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగాలో కూడా అందులోనే రాసి పెట్టారు. ఆడవాళ్లకు పది కసరత్తులతో పన్నెండు నిమిషాల పద్ధతి వేరే వచ్చింది. వంగి గట్టిగా ఊగడం, కాళ్లు చాపి లేచి కూర్చోవడం నడుముకు మంచివి కావని ఇప్పుడు అంటున్నారు, ఆ రెండూ మార్చుకోవలసిందే. మిగతా అమరికను మించింది ఇప్పటికీ లేదు.

దండీ, బస్కీ

దండీకీ పుషప్‌కూ ఉన్న తేడా నడుములో ఉంది. దండీలో మొదట నడుం పైకెత్తి, చేతులూ కాళ్లూ చాపి కొండలా నిలబడతారు. అక్కడి నుంచి మోచేతులు మడుస్తూ తలను, ఛాతీని నేలకు తాకీ తాకనట్టు ముందుకు జార్చి, పాము పడగలా పైకి లేపుతారు. మళ్లీ నడుం వెనక్కి లాగి మొదటి భంగిమకు వస్తారు. ఛాతీ, భుజాలు, వెనక చేతి కండరాలు బలంగా పనిచేయడంతో పాటు వెన్ను, తొడల వెనకభాగం సాగుతాయి. మామూలు పుషప్‌లో ఆ సాగడం ఉండదు. భుజం కీలులో ఇంతకుముందే నొప్పి ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకుండా పుషప్‌తో సరిపెట్టుకోవడం మేలు.

బస్కీలో చేతులు ముందుకూ వెనక్కూ ఊపుతూ, మడమలు లేపి ముని వేళ్ల మీద పూర్తిగా కూర్చుని లేస్తారు. వేగం ఎక్కువ, సంఖ్య ఎక్కువ, కాబట్టి తొడలతో పాటు గుండెకూ పని. మడమలు లేపితే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. అలవాటు లేనివాళ్లు మడమలు నేలకే ఆనించి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుం వెనక్కి తీసుకెళ్లి మొదలుపెట్టాలి. పూర్తిగా కిందికి కూర్చుంటే మోకాళ్లు పాడవుతాయన్న భయం ఆరోగ్యంగా ఉన్న మోకాళ్ల విషయంలో అర్థం లేనిది. గొంతుకు కూర్చుని పనిచేసుకున్న తరాలు మనకు మరీ దూరం కావు.

మన బడుల్లో ఈ కసరత్తులకు జరిగిన అన్యాయం ఒకటుంది. గుంజీళ్లు, గోడకుర్చీ రెండూ శిక్షలుగానే పిల్లలకు పరిచయమయ్యాయి. ఎక్కాలు రాకపోతే చెవులు పట్టుకుని యాభై గుంజీళ్లు; అల్లరి చేస్తే గోడకు వీపు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కూర్చోవడం. వినాయకుడి ముందు తప్ప గుంజీళ్లు ఇష్టంగా తీసినవాళ్లు అరుదు. ఆ గోడకుర్చీకే ఇప్పుడు వైద్య గౌరవం దక్కింది. విశ్రాంతిగా ఉన్నప్పటి రక్తపోటు మీద వ్యాయామాల ప్రభావాన్ని పరిశీలించిన 270 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2023లో వెలువడింది. కదలకుండా కండరాన్ని బిగించి ఉంచే కసరత్తులు, వాటిలోనూ గోడకుర్చీ, పై అంకెను సగటున 8 పాయింట్ల వరకు తగ్గించాయని తేలింది. నడక, పరుగుల కంటే ఇది ఎక్కువ. ప్రయోగాల్లో సాధారణంగా చేయించేది రెండేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలు, మధ్యలో కాస్త విరామం, వారానికి మూడు రోజులు. ఊపిరి బిగబట్టకూడదు. మందులకు లొంగని రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు. బడి శిక్షలు మానాలి, నిజమే, గోడకుర్చీని మానక్కర్లేదు.

దమ్ము సంగతి

గుండెకూ ఊపిరితిత్తులకూ చేసే కసరత్తుకు మొదటి నుంచీ బరువులతో పనిలేదు. ఈ విషయంలో ఆధునిక శాస్త్రం మొదలైంది లండన్ బస్సుల్లో. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ప్రచురించిన పరిశీలనలో, రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని, వచ్చినా అంత తీవ్రంగా ఉండదని తేలింది. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే రకం బతుకు. తేడా అంతా రోజుకు వందల్లో ఎక్కే మెట్లే.

మెట్లు అంటే తెలుగువాళ్లకు తిరుమల గుర్తొస్తుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగి వచ్చిన మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేయడం. ఎక్కేటప్పుడు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటిని పడిపోకుండా ఆపుతుంది. ఈ రెండో రకం పని కండరపు పోగులను ఎక్కువ దెబ్బతీస్తుంది, అందుకే ఆ నొప్పి వెంటనే కాక ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. అది జబ్బు కాదు. నిజానికి బలం పెరగడానికి దిగే పని ఎక్కే పనికి తీసిపోదు. పుషప్‌లో, బస్కీలో నిదానంగా కిందికి దిగమనేది అందుకే.

రోజుకు పదివేల అడుగులు అన్న లెక్కకు మూలం ప్రయోగశాల కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు. వృద్ధ మహిళల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో 4,400 అడుగుల దగ్గరే మరణాల రేటు బాగా తగ్గడం మొదలై, 7,500 దగ్గరికి వచ్చేసరికి లాభం ఇక పెరగకుండా నిలిచిపోయింది. పదివేలు పూర్తికాలేదని రాత్రి పదకొండింటికి హాల్లో అటూ ఇటూ తిరిగేవాళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చు. నడకలో అసలు లోపం వేరే ఉంది: పార్కులో మాట్లాడుకుంటూ చేసే నడక చాలామందికి గుండెను కదిలించేంత వేగంగా ఉండదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ కొలత.

శ్రమ చేసేవాళ్లకు వ్యాయామం అక్కర్లేదన్న మాటను కూడా కొంచెం ఆగి ఆలోచించాలి. మోకు నడుం చుట్టూ, తాటిమాను చుట్టూ తిప్పి, వెనక్కి వాలి, పాదాలతో మానును అదిమి పట్టి, మోకును జానెడు జానెడు పైకి జరుపుకుంటూ ఎక్కే గీత కార్మికుడి వీపు, చేతుల బలం ఏ జిమ్‌లోనూ రాదు. అయినా విశ్రాంతి లేకుండా, ఒకే కదలికను ఏళ్ల తరబడి, పడిపోతానన్న భయంతో చేసే పని వ్యాయామం ఇచ్చే రక్షణను అంతగా ఇవ్వడం లేదని పరిశోధకులు గమనించారు. ఒంటికి శ్రమతో పాటు కోలుకునే వ్యవధీ కావాలి. ఇంకో పక్క రోలూ తిరగలీ బావిచేదా పోయిన ఇళ్లలో ఆడవాళ్లకు పని తగ్గలేదు గాని కదలిక తగ్గింది. 2022 నాటి అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి చాలినంత కదలిక లేదు. ఆడవాళ్లలో అది 57 శాతం, మగవాళ్లలో 42.

ఎక్కడ చాలదు

ఇంట్లో నేల మీద చేసే కసరత్తుల్లో నెట్టే పని దొరుకుతుంది, కూర్చుని లేచే పని దొరుకుతుంది. లాగే పని దొరకదు. అదే దీని పెద్ద లోటు. పుషప్‌ల మీద పుషప్‌లు చేసి వీపును వదిలేసినవాళ్ల భుజాలు ముందుకు వంగిపోతాయి. దీనికి మందు వేలాడటం. బడి మైదానంలో సింగిల్ బార్, పార్కుల్లో పెట్టిన ఓపెన్ జిమ్, గట్టి వేపకొమ్మ ఏదైనా సరే. పుల్‌అప్ రానివాళ్లు ముందు అరనిమిషం ఊరికే వేలాడటం, తరవాత స్టూలెక్కి పైనుంచి నిదానంగా దిగడం సాధన చేయాలి. కదలని బరువైన బల్ల కింద వెల్లకిలా పడుకుని అంచు పట్టుకుని ఛాతీని పైకి లాక్కోవడం ఇంకో దారి.

రెండో లోటు కాళ్ల దగ్గర. తొడలు త్వరగా బలపడి రెండు కాళ్ల బస్కీ తేలికైపోతుంది. ఒంటికాలితో లేవడం, కుర్చీ మీద వెనక కాలు పెట్టి ముందు కాలితో కూర్చుని లేవడం అప్పుడు పనికొస్తాయి. మూడోది ఎముకలు. నడక, ఈత ఎముకను పెద్దగా గట్టిపరచవు. గెంతడం కొంత గట్టిపరుస్తుంది. నెలసరి ఆగిన తరవాత ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకు శిక్షకుల పర్యవేక్షణలో బరువులెత్తడమే ఎక్కువ మేలు చేస్తుంది. అక్కడ మొండిగా ఒంటిబరువు చాలనడం తప్పు. యోగా విషయంలోనూ ఒక మాట: ఆసనాలు వంపునూ నిలకడనూ బాగా ఇస్తాయి, కాని నిదానంగా చేసే యోగాతో గుండె కసరత్తు పూర్తయినట్టు కాదు. వేగంగా చేసే సూర్యనమస్కారాల సంగతి వేరు.

నేల మీద కూర్చుని చేతి సాయం లేకుండా లేవగలగడాన్ని బ్రెజిల్ వైద్యుడు క్లాడియో గిల్ అరావుజో పది మార్కుల పరీక్షగా మలిచాడు. కూర్చునేటప్పుడు ఐదు, లేచేటప్పుడు ఐదు. చెయ్యి, మోకాలు ఆనించిన ప్రతిసారీ ఒకటి పోతుంది, తూలితే అర మార్కు. 51 నుంచి 80 ఏళ్ల వాళ్ల మీద చేసిన ఆయన అధ్యయనం 2012లో వచ్చింది. తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో తరవాతి ఏళ్లలో మరణాలు ఎక్కువ. పీటలు అటకెక్కించి డైనింగ్ టేబుల్ తెచ్చుకున్న ఇళ్లలో రోజుకు మూడుసార్లు ఉచితంగా జరిగే ఈ కసరత్తు పోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన కొలత ఇది: పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా అందులో సగం కాలం తీవ్రశ్రమ, కండరబలం కోసం కనీసం రెండు రోజులు, 65 దాటినవాళ్లకు నిలకడ పెంచే కసరత్తులు మూడు రోజులు. కొత్తవాళ్లు గోడకు చేతులానించి చేసే పుషప్, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం, బార్‌కు వేలాడటం, చురుకైన నడక, ఈ నాలుగింటితో మొదలుపెట్టి పదిహేను రోజులకొకసారి ఏదో ఒకటి కొంచెం కష్టం చేసుకుంటూ పోతే సరిపోతుంది. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, చక్కెర ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు వైద్యుణ్ణి అడగాలి. కసరత్తు మధ్యలో ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా, దవడకో ఎడమచేతికో నొప్పి పాకినా అక్కడితో ఆపి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.